మనిషి రంగు

కాకినాడ,
జూలై.

ఇందూ,

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో, కానీ చదివాక చించెయ్యి. ఫోన్లో మాట్లాడదామంటే అత్తయ్యగారు హాల్లోనే ఉంటారు. ఆవిడ బ్యాంకు నుంచి రిటైరయ్యారు గానీ ఆవిడ చెవులు ఇంకా రిటైర్ కాలేదు. వాట్సాప్ చేద్దామంటే అది మీ బావగారి లాప్‌టాప్‌లో కూడా తెరిచి ఉంటుంది. పెళ్లైన కొత్తలో ఫొటోల కోసం నేనే తెరిచి ఇచ్చాను. ఇన్నాళ్లూ ఆ సంగతే గుర్తు లేదు. ఇప్పుడు ఏ మాట టైపు చేసినా ఫరీదాబాద్‌లో ఆయన చదువుతున్నట్టే ఉంటోంది. నువ్వు మా జూనియర్ కాలేజీ అడ్రసుకు రాయి. పైన ఫిజిక్స్ లెక్చరర్ అని ఉంటే నా చేతికే ఇస్తారు.

జూన్‌లో ఆయన సెలవు మీద వచ్చారు కదా. చొక్కా ఉతకబోతే కుడి చేతి మడత దగ్గర మరక కనిపించింది. పెయింటు కంపెనీలో రంగులు కలిపే ఇంజినీరుకి మరకలు కొత్త కాదు. నీలం ఉతికాను, ఎరుపు ఉతికాను, ఎంత రుద్దినా పోని పసుపూ ఉతికాను. ఇది మాత్రం మనిషి ఒంటి రంగు. ఆడవాళ్లు ముఖానికి రాసుకునే క్రీము ఉంటుందే, అలాంటిది. అడిగితే "ల్యాబ్‌లో అంటింది" అన్నారు. గోడకి ఒంటిరంగు ఎవరు వేయించుకుంటారు, ఇందూ?

అక్కడితో ఊరుకుందును. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ఫోన్ మోగితే తీశాను. కట్ అయ్యాక తెర మీద ఒక ఫొటో ఉంది. ఆడమనిషి చెయ్యి. ముఖం లేదు, మనిషి లేదు, వేళ్ల దాకా కూడా లేదు. మణికట్టు మీద ఎర్రగాజులు, చర్మం మీది సన్నగీతలు కూడా కనిపించేంత దగ్గరగా తీశారు. అలాంటివి ఇంకా ఉన్నాయేమో చూడబోయేలోపు నీళ్ల చప్పుడు ఆగిపోయింది.

ఆ వారమంతా ఫ్యాక్టరీ నుంచి ఒక్క కాల్ రాలేదు. ఇదివరకు అన్నం తింటున్నా వదిలేవారు కాదు.

నీ ఉద్యోగమే అనుమానించడం కదా. నాన్న ఇంకా నువ్వు సివిల్స్‌కి చదువుతున్నావనే అనుకుంటున్నారు, ఆ సంగతి నా దగ్గరే ఉంది. నా సంగతి నీ దగ్గర ఉండనీ. ఒకసారి ఫరీదాబాద్ వెళ్లి చూసిరా. ఆయనకి తెలియకూడదు.

నీ అక్క,
భావన

*

కటవారియా సరాయ్, న్యూఢిల్లీ,
జూలై.

అక్కా,

నీ ఉత్తరం మా ఇంటి ఓనరు ఆంటీ పైకి తెచ్చి ఇస్తూ "లవ్ లెటర్ హై క్యా?" అంది. ఒక రకంగా అవునన్నాను.

ముందు నా ఉద్యోగం గురించి నీకున్న అపోహ తీరుస్తాను. నేను మనుషుల్ని అనుమానించను. కాలిపోయిన గోడౌన్లను అనుమానిస్తాను. మంట ఎక్కడ మొదలైంది, దానంతట అదే మొదలైందా, ఎవరైనా మొదలుపెట్టారా అని చూసి బీమా కంపెనీకి చెప్పడం మా పని. ఎంటెక్‌లో మంటల గురించి చదువుకున్నది ఇన్నాళ్లకి బూడిదలో నిలబడి అర్థమవుతోంది. పీహెచ్‌డీ సీటు వదులుకున్నందుకు అందరూ జాలిపడ్డారు గానీ నాకు ఈ బూడిదే బాగుంది. మా సీనియర్ ఒక మాట అంటారు: "మొదటిరోజు ఎవరి మీద అనుమానం వస్తుందో వాళ్లని చివర్న చూడు. లేకపోతే ప్రతి మసిలోనూ వాళ్ల ముఖమే కనిపిస్తుంది." నువ్వు కూడా అదే చేస్తున్నావేమో చూసుకో. చొక్కా మీద మరక సాక్ష్యం కాదు. ఒక చెయ్యి ఫొటో కూడా కాదు.

అయినా బావగారికి ఫోన్ చేశాను. ఆదివారం భోజనానికి వస్తానన్నాను. "ఎప్పుడైనా రామ్మా, శనివారం మాత్రం వద్దు, పనుంటుంది" అన్నారు. గొంతు మామూలుగానే ఉంది.

కానీ శనివారం వద్దని నేను అడగకుండానే ఎందుకు చెప్పారో నాకూ అర్థం కాలేదు. చూసి రాస్తాను.

ఇందు

*

కటవారియా సరాయ్,
ఆగస్టు.

అక్కా,

ఇది కూర్చుని చదువు. క్లాసుకి వెళ్లేముందు చదవకు.

ఫరీదాబాద్‌లోనే ఒక ప్యాకింగ్ గోడౌన్ తనిఖీ పడింది. పని అయ్యాక బావగారి ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్లాను. పేరు చెప్పగానే గార్డు "రవి సాబ్? వో తో కబ్ కే ఛోడ్ చుకే, మేడమ్" అన్నాడు. ఎప్పుడో మానేశారట. హోలీ ముందే వెళ్లిపోయారని పక్కవాడు అన్నాడు. ఇంకో రవి గురించి చెబుతున్నారేమో అనుకుని పూర్తి పేరు చెప్పాను, ఫొటో చూపించాను. ఆయనే. అంటే జూన్‌లో నీ దగ్గరికి సెలవు మీద వచ్చేనాటికి ఆయనకి సెలవు ఇచ్చే కంపెనీయే లేదు.

ఆ మాట విన్నాక నాలోనూ ఏదో మారింది. నిజం చెబుతున్నాను, ఆ తర్వాతి శనివారం ఆయన ఇంటి సందు చివర జ్యూస్ బండి పక్కన నిలబడ్డాను. ఆయన బయటికొచ్చి మెట్రో ఎక్కారు. నేను ఆడవాళ్ల పెట్టెలో ఎక్కాను. లైను మారే స్టేషన్లో ఒకామె ఆయన్ని కలిసింది. మన ఈడే ఉంటుంది. నీలం సల్వార్, చేతులు చున్నీలో చుట్టుకుని ఉంది. ఇద్దరూ కరోల్ బాగ్‌లో దిగారు. ఆడవాళ్ల అలంకరణ సామాన్లు హోల్‌సేల్‌గా అమ్మే కొట్టుకి వెళ్లారు. కృత్రిమ గోళ్లు, సవరాలు, అలాంటివి. నేను ఎదురు కొట్టులో చెప్పులు చూస్తున్నట్టు నటించాను.

లోపల గాజు తలుపు దగ్గర, వెలుతురు పడేచోట, ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నారు. ఊరికే పట్టుకోవడం కాదక్కా. ఆయన భుజం అడ్డొచ్చి ఆ చెయ్యి నాకు సరిగ్గా కనిపించలేదు గానీ, తన అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు. ఆమె తల వంచుకుని ఉంది. ఒకసారి కళ్లు తుడుచుకుంది. ఆయన ఏదో అన్నారు, ఆమె నవ్వింది.

చూసింది చూసినట్టు రాశాను, ఒక్క ముక్క కలపలేదు. దీనికి వేరే అర్థం ఉందేమో నాకు తెలీదు. నన్ను ఏం చెయ్యమంటావు?

ఇందు

*

కాకినాడ,
ఆగస్టు.

ఇందూ,

క్లాసుకి ముందే చదివాను. కాంతి వక్రీభవనం చెప్పాల్సిన రోజు. సగంలో ఆపేసి పిల్లల్ని నోట్సు రాసుకోమన్నాను.

నిన్న ఆయన ఫోన్ చేశారు. "షిఫ్టులు ఎలా ఉన్నాయి?" అని అడిగాను. "మామూలే, ఎండలకి ల్యాబ్‌లో ఏసీ పనిచెయ్యట్లేదు" అన్నారు. ఎంత సులువుగా అన్నారో! లేని ల్యాబ్‌లో లేని ఏసీ. నేను కూడా సులువుగానే "అయ్యో" అన్నాను. పెట్టేశాక నా మీద నాకే అసహ్యం వేసింది.

ప్రతి నెలా ఇంటికి పంపేది పంపుతూనే ఉన్నారు. అది ఎక్కడి నుంచి వస్తోంది? ఆమె ఎవరు? నిలదీద్దామంటే ఇంకో అబద్ధం వింటానేమోనని భయంగా ఉంది. ముందు నాకు తెలియాలి, తర్వాత ఆయన్ని అడుగుతాను. నువ్వు ఆపకు.

భావన

*

కటవారియా సరాయ్,
సెప్టెంబరు.

అక్కా,

మనం అనుకున్నది కాదు. నామీద ఒట్టు, కాదు.

రెండోసారి వెళ్లినప్పుడు రవి బావ నన్ను చూసేశారు. కూర్చోబెట్టి అంతా చెప్పారు, చూపించారు కూడా. తనే స్వయంగా వచ్చి నీకు చెబుతానన్నారు. దసరా సెలవులకి వస్తారట. అప్పటిదాకా నన్ను చెప్పొద్దని అడిగారు. నేను సరేనన్నాను. అనకూడదేమో. కానీ ఆ క్షణంలో కాదనలేకపోయాను.

నిశ్చింతగా ఉండు. ఆరోగ్యం చూసుకో.

ఇందు

*

కాకినాడ,
సెప్టెంబరు.

ఇంద్రజకి,

నిశ్చింతగా ఉండమన్నావు. ప్రయత్నించాను.

నీ పాత ఉత్తరాలు తీసి చదివాను. అన్నిట్లోనూ "బావగారు" అని రాశావు. పోయిన ఉత్తరంలో "రవి బావ" అయ్యారు. "గారు" ఎక్కడ రాలిపోయింది? రెండు పేజీలు రాసే నువ్వు ఒక చిన్న కాగితంలో సరిపెట్టావు. కాలిన గోడౌన్లో బూడిదని కూడా వదలనిదానివి, నీకు ఆయన మాట చాలిపోయింది.

మొన్న వీడియో కాల్‌లో ఆయన వెనక కుర్చీ మీద ఆకుపచ్చ చున్నీ ఆరేసి ఉంది. అంచుకి అద్దాలు. పోయినేడు నీ పుట్టినరోజుకి నేను కొన్నదే. అద్దాల చున్నీలు ఢిల్లీలో వందల్లో ఉంటాయని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ తర్వాత అత్తయ్యగారు మాటల్లో "ఇందు శనివారాలు వచ్చి వాడికి సాయం చేస్తోందట, మంచి పిల్ల" అన్నారు. శనివారాలు! నీకు వద్దన్న శనివారాలు! సాయమంటే ఏమిటి, ఇందూ?

నేను పిచ్చిదాన్ని అయిపోయాననే అనుకో. ఒక మనిషి అబద్ధం చెబుతున్నాడని తెలిశాక మిగిలినవాళ్లు నిజం చెబుతున్నారని దేన్నిబట్టి నమ్మాలి? నిన్ను పంపింది నేనే. ఆ సంగతి తలుచుకుంటే తిండి సహించడం లేదు.

ఈసారి అంతా రాయి. లేకపోతే నీ ఉద్యోగం సంగతి నాన్నకి నేనే చెబుతాను. ఈ మాట రాస్తున్నందుకు సిగ్గుగా ఉంది. అయినా కొట్టెయ్యడం లేదు.

భావన

*

కటవారియా సరాయ్,
సెప్టెంబరు.

అక్కా,

నువ్వు నన్ను అడిగిన ప్రశ్న నాకు అర్థమైంది. మాటల్లో అడగలేదు గానీ అడిగావు. మొదట ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. ఆ కోపంలోనే నాన్నకి ఫోన్ చేసి నా ఉద్యోగం సంగతి చెప్పేశాను. "అయితే ఐఏఎస్ కాదా?" అన్నారు. కాదన్నాను. "నిప్పుతో జాగ్రత్త" అని పెట్టేశారు. కాబట్టి నన్ను బెదిరించడానికి నీ దగ్గర ఇప్పుడేమీ లేదు. ఇక రాసేది నీకు భయపడి కాదు, నువ్వు తిండి మానేశావని.

బావగారు వేళ్లు తయారుచేస్తున్నారు.

అవును, వేళ్లే. ఫరీదాబాద్‌లో రేకులు అణిచే ప్రెస్ మెషీన్ల కింద నలిగి వేళ్లు పోగొట్టుకునేవాళ్లు ఉంటారు. అలాంటివాళ్లకి సిలికాన్‌తో అచ్చం అసలైనవాటిలా చేసి తొడుగుతారు. శ్రీరాములుగారని మన రాజమండ్రి ఆయన ఒక చిన్న వర్క్‌షాపు నడుపుతున్నారు. ఆకారం ఆయనకి బాగా వచ్చు, రంగే కుదిరేది కాదట. తెలుగువాళ్ల వనభోజనాల్లో బావగారు కలిస్తే "మీరు గోడలకి రంగు కలుపుతారు కదా, మనిషి రంగు కలపగలరా?" అని అడిగారట. బావగారు సరదాకి మొదలుపెట్టారు. "గోడ అంతా ఒకటే రంగమ్మా. చెయ్యి అలా కాదు. కణుపు దగ్గర ఒకటి, గోరు కింద ఒకటి, చలికి ఒకటి. ఇన్నేళ్లు రంగులు కలిపాను గానీ రంగు చూడటం ఇప్పుడే నేర్చుకుంటున్నా" అన్నారు. నువ్వు చూసిన చొక్కా మరక అదే. ఫోన్లో ఫొటోలు అందుకే. కరోల్ బాగ్ వెళ్లింది ఆ వేళ్లకి సరిపోయే గోళ్లు వెతకడానికే. ఇంటికి పంపేదానికి లోటు రాకుండా వారంలో కొన్ని రోజులు ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నారు.

ఆవిడ పేరు చాందిని. రెండు చేతులూ మెషీన్ కింద పడ్డాయి. మామూలుగా రెండో చేతి వేలిని చూసి ఈ చేతికి చేస్తారట. ఈమెకి రెండిట్లోనూ అవే వేళ్లు పోయాయి. ఎవరైనా ఆడమనిషి వేళ్లు నమూనాగా కావాలి. నేను అక్కడే ఉన్నాను, నా చేతులు ఆమె చేతులంతే ఉన్నాయి. పళ్ల డాక్టర్లు అచ్చు తీసే ముద్దలో చేతులు పెట్టి కూర్చున్నాను. అది చున్నీ మీద ఒలికింది. ఉతికి ఆరేసి, ఆరకముందే వెళ్లిపోయాను. రంగు ఏ వెలుతురులో ఎలా కనిపిస్తుందో చూడటానికి శనివారాలు చాందిని వస్తుంది. నేను ఆమె పక్కన కూర్చుంటే ఆమెకి కాస్త ధైర్యం. నా సాయం అంతే.

"వేళ్లు దేనికి దీదీ, పని చేసుకోవడానికా?" అని నేనే తెలివితక్కువగా అడిగాను. "నహీఁ, బస్సులో కడ్డీ పట్టుకున్నప్పుడు పక్కవాళ్లు జరిగి కూర్చోకుండా ఉండటానికి" అంది. నేను మాట మార్చాను.

ఆయన్ని నేను కాపాడుతున్నానని అనుకోకు. ఒక విషయం ఆయన చెప్పకుండా వదిలేద్దామనుకున్నారు, నేనే గుచ్చిగుచ్చి అడిగి లాగాను. జనవరిలో కంపెనీ ఆయనకి విశాఖపట్నం బదిలీ ఇచ్చింది. నువ్వు పెళ్లైన దగ్గర్నుంచీ ఎదురుచూస్తున్న బదిలీయే. ఆయన వద్దన్నారు. వద్దన్నాకే రాజీనామా ఇచ్చారు.

ఇప్పుడు అంతా చెప్పాను. మాట తప్పానని ఆయన నన్ను తిట్టుకుంటారు. నువ్వు ఇప్పటికే తిట్టుకుంటున్నావు. ఇక నాకు రాయకు. మీరిద్దరూ మాట్లాడుకోండి.

ఇంద్రజ

*

ఫరీదాబాద్,
అక్టోబరు.

ఇందూ,

రాయవద్దన్నావు. అయినా రాస్తున్నాను.

దసరా దాకా ఆగలేక నేనే ఇక్కడికి ఎవరికీ చెప్పకుండా వచ్చాను. అత్తయ్యగారికి కాలేజీ ట్రైనింగ్ అని చెప్పాను. ఆటో భయ్యాకి శ్రీరాములుగారి పేరూ, నువ్వు రాసిన వేళ్ల సంగతీ చెబుతూ వర్క్‌షాపు వెతుక్కున్నాను. దారంతా ఆలోచించాను, నువ్వు రాసిందంతా నిజమేనా అని. అంత దూరం వచ్చాక కూడా నాలో ఒక మూల అనుమానం, లోపల వేరే ఏదో చూడబోతున్నానని కాచుకుని కూర్చుంది.

కిటికీ దగ్గర చాందిని కూర్చుని ఉంది. ఆయన ఎదురుగా స్టూలు మీద కూర్చుని సన్నటి బ్రష్షుతో ఒక వేలికి రంగు వేస్తున్నారు. నన్ను చూశారు. ముఖం పాలిపోయింది. కానీ లేవలేదు. "కూర్చో భావనా. ఇది గట్టిపడిపోతుంది, కాసేపు" అన్నారు. నా కాళ్లల్లోంచి కోపం పైకి లేచింది. పెళ్లాం అంత దూరం నుంచి చెప్పాపెట్టకుండా వచ్చి గుమ్మంలో నిలబడితే లేవని మనిషి! అయినా కూర్చున్నాను. ఆయన చేతుల వైపు చూడకుండా ఉండలేకపోయాను. నా పెళ్లిలో తాళి కడుతున్నప్పుడు కూడా ఆ చేతులు అంత శ్రద్ధగా కదల్లేదు.

ఆరాక తొడిగారు. చాందిని వేళ్లని మోకాలి మీద పెట్టుకుని చూసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది. నేనెవరో ఆమెకి తెలీదు. "దీదీ, ఆప్ బతాయియే. వీళ్లు బాగుందనే అంటారు. మీరు కొత్తగా చూస్తున్నారు కదా, నిజం చెప్పండి" అంది.

ఆమె అడిగిన తీరుకి అబద్ధం చెప్పలేకపోయాను. "గోరు కొంచెం ఎక్కువ గులాబీగా ఉంది" అన్నాను. ఆయన వంగి చూశారు. కిటికీ రెక్క ఇంకాస్త తెరిచి మళ్లీ చూశారు. "అవును" అన్నారు. "ఇన్ని వారాలుగా ఏదో తేడా ఉందని తెలుస్తోంది గానీ ఏమిటో పట్టుకోలేకపోయాను." ఆ గోరు తీసేసి మళ్లీ చేస్తానంటే చాందిని ఒప్పుకోలేదు. "ఇవాళ్టికి ఇలాగే తీసుకెళ్తా, వచ్చే శనివారం మార్చండి" అని చున్నీ చుట్టుకోకుండా వెళ్లిపోయింది.

అప్పుడు మేమిద్దరమే మిగిలాం.

వేళ్ల గురించి ఒక్క మాట అనలేదు నేను. "వైజాగ్ ఎందుకు వద్దన్నారు?" అన్నాను.

"అక్కడికి వస్తే ఇది వదిలెయ్యాలి."

"నన్ను అడగలేదే?"

"అడిగితే నువ్వు సరే అనేదానివి. నా కోసం. ఆ తర్వాత ఒక్కదానివీ కాకినాడలో ఏడ్చేదానివి. అది నాకు తెలుసు."

"సరే అనేదాన్ని కాదు," అన్నాను. "వద్దనేదాన్ని. అరిచేదాన్ని. ఎన్నాళ్లు ఒంటరిగా ఉండమంటారని నిలదీసేదాన్ని. ఆ తర్వాత ఒప్పుకునేదాన్నో లేదో నాకే తెలీదు. అది మనిద్దరం పోట్లాడుకోవాల్సిన విషయం. మీరొక్కరే నా బదులు కూడా పోట్లాడేసి తీర్పు చెప్పేసుకున్నారు."

ఆయన తల వంచుకున్నారు. "భయపడ్డాను" అన్నారు. ఎందుకని అడగలేదు. ఎంటెక్ చదివిన కొడుకు వేళ్లు అతికిస్తున్నాడంటే ఇంట్లో ఏమంటారోనన్న భయం నాకు తెలియనిదేమీ కాదు. కానీ ఆ ఇంట్లో నన్నూ కలిపేశారు చూడు, అక్కడ నొప్పి పుట్టింది.

అక్కడే అత్తయ్యగారికి ఫోన్ చేయించాను, నా ఎదురుగా, స్పీకరు పెట్టి. ఆయన అంతా చెప్పారు. ఆవిడ విన్నారు. "అబద్ధం చెప్పి ఉద్యోగం మానేశావు, ఇది అబద్ధం చెప్పి ఢిల్లీ వచ్చింది. మంచి జోడీ" అన్నారు. మళ్లీ ఆవిడే, "ఆ అమ్మాయికి వేళ్లు నొప్పి పెట్టవు కదరా?" అని అడిగారు.

నేను ఉద్యోగం మానను. ఆయన ఇది మానరు. కాకినాడలో ఎందుకు చెయ్యకూడదని అడిగాను. మన దగ్గర రైసు మిల్లులు లేవా, వేళ్లు పోయినవాళ్లు లేరా? ఆలోచించలేదన్నారు. ఆలోచించమన్నాను. వేసవి దాకా గడువు. అప్పటికీ కుదరకపోతే ఏం చేస్తామో ఇద్దరికీ తెలీదు. ఇంకొకటి కూడా నీకు చెప్పాలి. ఇప్పటికీ ఆయన ఫోన్ మోగితే నా కళ్లు అటే పోతున్నాయి. అనుమానం వచ్చినంత తేలిగ్గా పోవడం లేదు. అది పోయేదాకా ఆయన ఓపిక పట్టాలి, నేను సిగ్గుపడాలి.

ఇక నీ గురించి.

నా చెల్లెలి గురించి ఒక ఆలోచన చేశాను. దాన్ని కాగితం మీద పెట్టి పోస్టు చేశాను. దానికి క్షమించమని ఇంకో కాగితం పోస్టు చేస్తే చాలదు. అందుకే దీన్ని పోస్టు చెయ్యను. నా చేత్తోనే తెచ్చి ఇస్తాను. ఇది నీ చేతిలో ఉందంటే కటవారియా సరాయ్‌లో మీ మెట్లు ఎక్కి వచ్చానన్నమాట. నువ్వు చదివినంతసేపూ నేను గుమ్మం బయటే నిలబడతాను. చదివాక తలుపు వేసుకోవాలనిపిస్తే వేసుకో. నేను తట్టను. కింద ఓనరు ఆంటీ దగ్గర కూర్చుంటాను, నువ్వు దిగి వచ్చేదాకా.

అక్క